ఆరిపోవు వెలుగు తెలిపిన చిరునామా

ఫిబ్రవరి 28వ తేదీ మన దేశమున జాతీయ విజ్ఞాన దినము. 1928లో ఆ తేదీననే సర్ సి. వి. రామన్ తన పేరిట ప్రసిద్ధమైన కాంతి ఫలితమును కనుగొనెను. 1987 మొదలుకొని ఏటేట పాఠశాలలలోను, కళాశాలలలోను ఈ దినమును జరుపుచున్నారు.

1997లో ఆ దినము శుక్రవారము. ఉదయము 8 గంటల 28 నిమిషములు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్ళలో పిల్లలు పుస్తకములు సర్దుకొని బడికి బయలుదేరు వేళ. సరిగా ఆ నిమిషమున గామా కిరణముల జల్లు ఒకటి భూమిని తాకినది. సుమారు 80 సెకండ్లు ఉండి ఆగిపోయినది. నేలమీద ఎవ్వరికిని ఏమియు తెలియలేదు. భూమిచుట్టు తిరుగుచున్న బెప్పోశాక్స్ అను ఇటలీ దేశపు ఉపగ్రహము దానిని గుర్తించినది.

ఆ సాయంత్రము బడి విడిచిన వేళకు, అనగా దాదాపు 8 గంటల తరువాత, శాస్త్రజ్ఞులు ఆ ఉపగ్రహములోని దూరదర్శినులను జల్లు వచ్చిన దిక్కునకు త్రిప్పగలిగిరి. అక్కడ అంతకుముందు ఎవ్వరును చూడని ఎక్స్-కిరణముల వెలుగొకటి కనబడినది. అది ఆరిపోవుచుండెను. 30 సంవత్సరములుగా తెగని ఒక తగవు ఆ ఆరిపోవు వెలుగువలన తెగినది. ఆ తగవు ఏమి? ఆ వెలుగు ఏమి? దానిని పట్టుటకు అంత త్వరపడవలసిన అగత్యమేమి?

ముప్పది ఏండ్ల తగవు

రేడియో తరంగములు, ఎరుపునుండి ఊదావరకు మన కంటికి కనబడు రంగులు, ఎక్స్-కిరణములు, గామా కిరణములు - ఇవన్నియు ఒకే జాతివి. వీనిలోని భేదము శక్తిలోనే. కంటికి కనబడు కాంతిలో ఒక్కొక్క ఫోటానునకు 2, 3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండును. ఎక్స్-కిరణపు ఫోటానులో ఇది వేలసంఖ్యలో ఉండును. గామా కిరణపు ఫోటానులో లక్షలు, అంతకు మించియు ఉండును.

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశములు గాలిలోను, నీటిలోను, అంతరిక్షములోను అణ్వస్త్రములను పరీక్షింపరాదని ఒడంబడిక చేసికొన్నవి. ఎవరైన దానిని అతిక్రమించుచున్నారేమో కనిపెట్టుటకు అమెరికా వేలా అను ఉపగ్రహములను జంటలు జంటలుగా ఎగురవేసినది. అణుబాంబు పేలినచో గామా కిరణములు వెలువడును గదా! 1967 జూలై 2న ఆ ఉపగ్రహములకు గామా కిరణములు దొరకినవి. కాని వాని హెచ్చుతగ్గుల తీరు బాంబు తీరుగా లేదు. లాస్ అలమాస్ ప్రయోగశాలకు చెందిన క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనువారు ఇట్టి 16 విస్ఫోటములను పరిశీలించి, ఇవి భూమినుండి గాని సూర్యునినుండి గాని వచ్చినవి కావని 1973లో ప్రకటించిరి.

మరి ఎక్కడనుండి వచ్చినవి? 1991లో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహములోని బాట్సీ అను పరికరము 9 సంవత్సరములలో 2,704 విస్ఫోటములను నమోదు చేసినది. అనగా దాదాపు దినమున కొకటి. వానిని ఆకాశపటముపై గుర్తించి చూడగా అన్ని దిక్కులను సమముగా వెదజల్లినట్లు కనబడినవి. మన పాలపుంత చదునైన పళ్ళెము వంటిది. విస్ఫోటములు అందలి నక్షత్రములనుండి వచ్చినవైనచో, ఆకాశమున కనబడు పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడి ఉండవలెను. అట్లు లేవు. కావున అవి కోట్లకొలది కాంతి సంవత్సరముల దూరమునగల ఇతర గెలాక్సీలనుండి వచ్చుచున్నవని కొందరనిరి. కాదు, పాలపుంతను చుట్టి పెద్ద గోళమువలె ఉన్న పరివేషమునుండి వచ్చుచున్నవని మరికొందరనిరి. 1995 ఏప్రిల్ నెలలో వాషింగ్టన్ నగరమున ఒక బహిరంగ చర్చ జరిగినది. బోడాన్ పచిన్‌స్కీ మొదటి పక్షమును, డోనాల్డ్ లాంబ్ రెండవ పక్షమును వాదించిరి. తీర్పు చెప్పగల సాక్ష్యము మాత్రము ఎవరివద్దను లేదు.

ఇది కేవలము దూరమునుగూర్చిన తగవు కాదు. చీకటిరాత్రి రహదారిపై ఒక దీపము కనబడినది. అది చేరువనున్న సైకిలు దీపమో, దూరమున వచ్చుచున్న లారీ దీపమో దూరము తెలియనిదే చెప్పలేము. పరివేషము దూరము 3 లక్షల కాంతి సంవత్సరములనుకొని, దూరపు గెలాక్సీ దూరము 300 కోట్ల కాంతి సంవత్సరములనుకొందము. రెండవది మొదటిదానికి 10,000 రెట్లు. కాంతి తీవ్రత దూరవర్గమునకు విలోమానుపాతమున ఉండును. కావున రెండవ పక్షమువారు చెప్పిన శక్తికంటె మొదటి పక్షమువారు చెప్పిన శక్తి 10 కోట్ల రెట్లు అధికము. విస్ఫోటము అసలు ఎట్టిదన్నది ఈ దూరముపైననే ఆధారపడి ఉన్నది.

మూడు ఊళ్ళు - ఒక ఈదురుగాలి

దూరము తెలియవలెనన్న విస్ఫోటము జరిగిన చోట ఏ గెలాక్సీ ఉన్నదో చూడవలెను. అందుకు మొదట దిక్కు తెలియవలెను. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. గామా కిరణములు కటకములలో వంగవు, మామూలు అద్దములపై పరావర్తనము చెందవు. బాట్సీ పరికరము చెప్పిన దిక్కులో అనేక డిగ్రీల అనిశ్చితి ఉండెడిది. అది చూపిన ఆకాశభాగములో కొన్ని వందల పూర్ణచంద్రులు పట్టుదురు. అంత మేరలో గెలాక్సీలు లెక్కకు మించి ఉండును. వానిలో ఏది అని చెప్పగలము?

దిక్కు తెలిసికొనుటకు మరియొక ఉపాయము కలదు. దీనిని మన ఊళ్ళతోనే గ్రహింపవచ్చును. మిర్యాలగూడకు ఉత్తరముగా, గాలిబాటన సుమారు 30 కిలోమీటర్ల దూరమున సూర్యాపేట ఉన్నది. మిర్యాలగూడకు తూర్పుగా సుమారు 45 కిలోమీటర్ల దూరమున కోదాడ ఉన్నది. వేసవి చివర ఒక ఈదురుగాలి తిన్నని గోడవలె గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వచ్చినదనుకొందము. మూడు ఊళ్ళలోను ముగ్గురు విద్యార్థులు గాలి తాకిన సమయమును వ్రాసియుంచిరి. మిర్యాలగూడలో 3 గంటలకు, సూర్యాపేటలో 3 గంటల 10 నిమిషములకు, కోదాడలో 4 గంటల 5 నిమిషములకు తాకినచో ఆ గాలి పడమటినుండి తూర్పునకు పోయినట్లు. అట్లుగాక మిర్యాలగూడలో 3 గంటలకు, కోదాడలో 3 గంటల 20 నిమిషములకు, సూర్యాపేటలో 3 గంటల 45 నిమిషములకు తాకినచో అది దక్షిణమునుండి ఉత్తరమునకు పోయినట్లు. ఆకాశమువైపు చూడకయే, గడియారములను పోల్చి దిక్కు చెప్పవచ్చును.

గామా విస్ఫోటములకును ఇదే ఉపాయము పనిచేయును. కాని కాంతి వేగము సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు. మిర్యాలగూడనుండి కోదాడకు పోవుటకు దానికి సెకండులో 6,000వ వంతు కాలము కూడ పట్టదు. అందుచేత గడియారములను కోట్ల కిలోమీటర్ల దూరమున ఉంచవలెను. 3 కోట్ల కిలోమీటర్ల దూరమును దాటుటకు కాంతికి 100 సెకండ్లు పట్టును. ఇది చక్కగా కొలువదగిన కాలము. గ్రహములను చూడబోయిన వ్యోమనౌకలలో చిన్న గామా గ్రాహకములను ఉంచి, 1970ల దశకమునుండి ఈ రీతిని దిక్కులు కనుగొనుచు వచ్చిరి. దిక్కు సరిగానే తెలియుచుండెను. కాని దూరపు నౌకలనుండి సమాచారము చేరి, లెక్క ముగియునప్పటికి దినములు గడచిపోయెడివి. దూరదర్శినిని త్రిప్పి చూచినచో అక్కడ ఏమియు కనబడెడిది కాదు.

గాలి దుప్పటి

విస్ఫోటము ముగిసిన తరువాత కూడ ఆ చోట కొంత వెలుగు మిగిలి ఉండవచ్చునని సిద్ధాంతవేత్తలు ఊహించియుండిరి. దీనిని ఆఫ్టర్ గ్లో అందురు. తెలుగున అనుదీప్తి అనవచ్చును. మొదట అది ఎక్స్-కిరణములలో ప్రకాశవంతముగా ఉండును. ఎక్స్-కిరణములకు గామా కిరణములకు లేని ఒక సుగుణము కలదు. తగిన అద్దములతో వానిని కేంద్రీకరింపవచ్చును. కాని వానిని నేలమీదనుండి చూడ వీలులేదు.

మన తలపైన వాయుమండలము ప్రతి చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము బరువున్నది. ఇది 10 మీటర్ల లోతు నీటికి సమానము. ఆకాశమునుండి వచ్చు ఎక్స్-కిరణము ఏదియు ఇంత మందమును చీల్చుకొని రాలేదు. ఇది జీవులకు మేలు, ఖగోళ శాస్త్రజ్ఞునకు ఆటంకము.

ఈ ఆటంకమును దాటుటకు జరిగిన తొలి ప్రయత్నములలో హైదరాబాదునకు చోటున్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1968 ఏప్రిల్ నెలలో హైదరాబాదునుండి ఒక పెద్ద బెలూనుతో ఎక్స్-కిరణ గ్రాహకమును పంపి, వృశ్చికరాశిలోని ప్రసిద్ధమైన ఎక్స్-కిరణ నక్షత్రమును పరిశీలించిరి. ఇట్టి బెలూనులు దాదాపు 40 కిలోమీటర్ల ఎత్తునకు పోగలవు. అక్కడ పైన మిగిలిన గాలి చదరపు సెంటీమీటరునకు 3 గ్రాములు మాత్రమే. గట్టి ఎక్స్-కిరణములు ఆ పలుచని పొరను దాటి రాగలవు. పని ముగిసినపిమ్మట పరికరములు పారాచూటుతో తెలంగాణ పల్లెల పొలములలో దిగుచుండును. వానిని విప్పక, ముట్టక, వెంటనే తెలుపవలెనని ప్రజలను కోరుట పరిపాటి.

అయితే బెలూను గాలిలో ఉండునది కొన్ని గంటలే. విస్ఫోటము ఎప్పుడు ఏ దిక్కున జరుగునో ఎవ్వరును ఎరుగరు. కావున నెలలు, సంవత్సరములు ఎడతెగక కాచియుండగల ఉపగ్రహమే దీనికి తగినది.

నీడను చూచి వెలుగును కనుగొనుట

బెప్పోశాక్స్ 1996 ఏప్రిల్ 30న ఎగిరినది. ఇటలీ భౌతిక శాస్త్రజ్ఞుడు జుసెప్పే ఒక్కియాలినిని మిత్రులు బెప్పో అని పిలిచెడివారు. ఉపగ్రహమునకు ఆయన పేరు పెట్టిరి. దీనిలో మూడు విధములైన పరికరములు ఒకేచోట కూడియుండుట విశేషము.

మొదటిది గామా కిరణముల కాపలాదారు. విస్ఫోటము జరిగిన క్షణమును ఇది చెప్పును. దిక్కు చెప్పలేదు.

రెండవది విశాలదృష్టి గల ఎక్స్-కిరణ కెమెరా. దీనిలో కటకము లేదు. దానికి బదులు అక్కడక్కడ రంధ్రములున్న ఒక రేకు ఉన్నది. దాని క్రింద గ్రాహకము ఉన్నది. పాత ఇండ్లలో జాలీ కిటికీనుండి ఎండ పడినపుడు గోడపై జాలీ నీడ ఏర్పడును. ప్రొద్దు ఎక్కినకొలది ఆ నీడ జరుగును. నీడ ఎంత జరిగినదో కొలిచి సూర్యుడెక్కడ ఉన్నాడో చెప్పవచ్చును గదా! ఈ కెమెరా పని అట్టిదే. రంధ్రములు క్రమము లేకుండ అమర్చబడియుండుటచే ఒక్కొక్క దిక్కునకు ఒక్కొక్క విధమైన నీడ పడును. నీడనుబట్టి దిక్కును 3 కళల మేరకు నిర్ణయింపవచ్చును. డిగ్రీలో 60వ భాగము కళ. పూర్ణచంద్రుని వ్యాసము సుమారు 30 కళలు.

మూడవది సూక్ష్మదృష్టి గల ఎక్స్-కిరణ దూరదర్శిని. అద్దమునకు ఎదురుగా వచ్చిన ఎక్స్-కిరణము దానిలో దూరిపోవును. కాని అద్దమును ఒరసికొనుచు మిక్కిలి స్వల్పకోణమున వచ్చినచో పరావర్తనము చెందును. చెరువులోనికి పెంకును నిలువుగా విసిరినచో మునుగును. నీటిమట్టమునకు సమాంతరముగా విసిరినచో కప్పగంతులు వేయుచు పోవును. ఎక్స్-కిరణముల నడక కొంతవరకు ఇట్టిదే. అందుచేత ఈ దూరదర్శిని అద్దములు పళ్ళెమువలె ఉండక, ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టములవలె ఉండును. ఇది మిక్కిలి మందమైన వెలుగును కూడ చూడగలదు. కాని ఆకాశమున చాల చిన్న భాగమునే చూచును. ఎటు చూడవలెనో దానికి ఇతరులు చెప్పవలెను.

ఆ ఎనిమిది గంటలు

1997 ఫిబ్రవరి 28న మొదటి పరికరము విస్ఫోటమును గుర్తించిన సమయముననే రెండవ పరికరము అదృష్టవశమున అదే దిక్కును చూచుచుండెను. ఆ దిక్కు ఓరియన్ మండలము, అనగా మృగశిర, ఆర్ద్ర నక్షత్రములున్న భాగము. ఆ వేళ ఆ మండలము తెలంగాణమునకు క్షితిజము క్రింద ఉన్నది.

ఉపగ్రహమునకు భూమితో సంభాషించుటకు ఒక్కటే కేంద్రము, ఆఫ్రికాలోని కెన్యా దేశపు మలిందీ. ఉపగ్రహము భూమిని ఒక్కసారి చుట్టివచ్చుటకు గంటన్నరకు పైగా పట్టును. మలిందీపై పోవునపుడే అది తాను చూచినదానిని దింపును, క్రొత్త ఆజ్ఞలను గైకొనును. సమాచారము అక్కడనుండి రోమునకు చేరవలెను. అక్కడి శాస్త్రజ్ఞులు నీడను విడదీసి దిక్కును లెక్కింపవలెను. ఉపగ్రహమును త్రిప్పు ఆజ్ఞలను సిద్ధము చేసి మరల మలిందీనుండి పంపవలెను. ఈ పనులన్నిటికి పట్టిన కాలమే ఆ 8 గంటలు.

దూరదర్శిని చూచినచోట ఒక ఎక్స్-కిరణ బిందువు కనబడినది. అదియే విస్ఫోటపు శేషమని ఎట్లు నమ్ముట? ఆకాశమున మామూలు ఎక్స్-కిరణ నక్షత్రములు, గెలాక్సీలు ఎన్నియో ఉన్నవి. అందుచే మార్చి 3న మరల చూచిరి. బిందువు కాంతి అప్పటికి 20వ వంతునకు పడిపోయినది. నిలకడగా వెలుగుచుండు వస్తువు మూడున్నర దినములలో ఇట్లు ఆరదు. సాక్ష్యము ఆ వెలుగులో లేదు, అది ఆరిపోవుటలో ఉన్నది. ఎన్రికో కోస్టా, ఆయన సహచరులు ఈ ఫలితమును అదే సంవత్సరము జూన్ నెలలో ప్రకటించిరి.

ఎక్స్-కిరణములు చూపిన చోటును కానరీ ద్వీపములలోని విలియం హెర్షెల్ దూరదర్శినితో డచ్చి దేశపు యాన్ వాన్ పారడైస్ బృందము పరిశీలించినది. విస్ఫోటమునకు ఒక దినము లోపల తీసిన చిత్రములోనున్న ఒక చుక్క మార్చి 8న తీసిన చిత్రములో లేదు. ఆ చుక్క ఉండిన చోట మసక గెలాక్సీ ఒకటి ఉన్నట్లు తరువాత స్పష్టమైనది.

దూరము తేలుటకు ఎంతో కాలము పట్టలేదు. 1997 మే 8న జరిగిన మరియొక విస్ఫోటపు అనుదీప్తిని ఇట్లే పట్టిరి. హవాయి ద్వీపములోని కెక్ దూరదర్శిని దాని వర్ణపటమును తీసినది. అందలి రేఖలు ఎరుపువైపునకు జరిగిన మేరనుబట్టి ఆ కాంతి సుమారు 700 కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసి వచ్చినదని తేలినది. 30 ఏండ్ల తగవు తీరినది. విస్ఫోటములు పాలపుంతవి కావు, మహాదూరపు గెలాక్సీలవి. ఫిబ్రవరి 28 నాటి విస్ఫోటపు కాంతి కూడ 600 కోట్ల సంవత్సరములకు పైగా ప్రయాణము చేసినదే. అది బయలుదేరిన నాటికి భూమి ఇంకను పుట్టలేదు.

అనుదీప్తి ఎట్లు పుట్టును?

మిక్కిలి బరువైన నక్షత్రమున ఇంధనము ముగిసినపుడు దాని నడిబొడ్డు కూలి కృష్ణబిలమగును. కొన్ని విస్ఫోటములలో రెండు న్యూట్రాను నక్షత్రములు ఒకదానినొకటి ఢీకొని కలసిపోవును. ఈ రెండు సందర్భములలోను కొంత పదార్థము దాదాపు కాంతివేగముతో సన్నని ధారలుగా రెండు ప్రక్కలకు చిమ్మును. ఆ ధార మనవైపునకు ఉన్నచో గామా కిరణములు కనబడును. సూర్యుడు తన 1,000 కోట్ల సంవత్సరముల జీవితమంతయు వెదజల్లు శక్తితో పోల్చదగిన శక్తి కొన్ని సెకండ్లలో వెలువడును.

గామా కిరణముల మెరుపు ఆగిపోయినను ధార ఆగదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద ఎండియున్న పిల్లకాలువలోనికి నీరు వదలినపుడు ముందు నడచు నీటి అంచును చూడుడు. అది దుమ్మును, ఎండుటాకులను, పుల్లలను నెట్టుకొనుచు పోవును. కూడిన చెత్త ఎక్కువైనకొలది అంచు వేగము తగ్గును. అట్లే విస్ఫోటపు ధార నక్షత్రము చుట్టునున్న వాయువును నెట్టుకొనిపోవుచు క్రమముగా మందగించును. ధారయు వాయువును తాకిడిపడు ఆ అంచున అయస్కాంత క్షేత్రములు బలపడును. వానిలో ఎలక్ట్రానులు మహావేగముతో మెలికలు తిరుగుచు కాంతిని వెదజల్లును. ధార వేగముగా ఉన్నంతవరకు ఈ కాంతి ఎక్స్-కిరణములలో మెండుగా ఉండును. మందగించినకొలది దాని ప్రాబల్యము కంటికి కనబడు కాంతికి, ఆపైన రేడియో తరంగములకు జారును. ఇదియే అనుదీప్తి. పొయ్యి ఆరిన తరువాత బూడిదలో మిగిలిన వేడివంటిది కాదిది. చుట్టునున్న వాయువుతో కలిగిన తాకిడివలన క్రొత్తగా పుట్టిన వెలుగు.

ఆరుటలోని లెక్క

ఫిబ్రవరి 28 నాటి అనుదీప్తి ఆరిన తీరును ఒక చిన్న సూత్రముతో చెప్పవచ్చును. కాలము 10 రెట్లైనపుడు కాంతి సుమారు 20వ వంతునకు తగ్గును. 8 గంటలనాటి కాంతిని 1 అనుకొందము. 80 గంటలకు, అనగా మూడు దినములు దాటిన పిమ్మట, అది 20వ వంతు. 800 గంటలకు, అనగా 33 దినములకు, 400వ వంతు. ఇదే లెక్కను వెనుకకు నడిపిన 48 నిమిషములప్పుడు 20 రెట్లు, 5 నిమిషములైన నిండకముందు 400 రెట్లు ఉండవలెను. తొలి గంట ఎంత విలువైనదో దీనినిబట్టి తెలియుచున్నది. ఆలస్యము చేసినవానికి పెద్ద దూరదర్శిని కావలెను. త్వరపడినవానికి చిన్నది చాలును.

ఈ సంగతి గ్రహించి అమెరికా 2004 నవంబరు 20న స్విఫ్ట్ అను ఉపగ్రహమును ఎగురవేసినది. ఇటలీ, బ్రిటన్ దేశములు దీనిలో పాలుపంచుకొన్నవి. విస్ఫోటము కనబడగనే ఇది నేలనుండి ఆజ్ఞకై ఎదురుచూడదు. తానే దిక్కును లెక్కించుకొని, తానే తిరిగి, ఒకటి రెండు నిమిషములలో ఎక్స్-కిరణ దూరదర్శినిని గురిపెట్టును. చోటును కొన్ని వికళల మేరకు చెప్పును. వికళ అనగా కళలో 60వ భాగము. అట్లు త్వరగా చూచుటచే ఒక క్రొత్త విషయము బయటపడినది. తొలి నిమిషములలో వెలుగు పై సూత్రము చెప్పినట్లు సాఫీగా ఆరదు. మొదట చరచర పడిపోయి, పిదప కొంతసేపు ఇంచుమించు నిలకడగా ఉండి, ఆపైన మరల తగ్గును. నడుమ నడుమ ఒక్కసారిగా ఎగసిపడుటయు కలదు.

2005 మే 9న సెకండులో 10వ వంతు కూడ ఉండని ఒక పొట్టి విస్ఫోటము జరిగినది. ఒక నిమిషము దాటగనే స్విఫ్ట్ దూరదర్శిని అటు తిరిగినది. దానికి దొరకిన ఎక్స్-కిరణ ఫోటానులు 11 మాత్రమే! ఆ కాసిని ఫోటానులే పొట్టి విస్ఫోటమునకు తొలిసారిగా చిరునామా తెలిపినవి. ఆ చోటికి చేరువనే ముసలి నక్షత్రములతో నిండిన గెలాక్సీ ఉన్నది. పొట్టి విస్ఫోటములకు న్యూట్రాను నక్షత్రముల కలయిక కారణమను ఊహకు ఇది బలము చేకూర్చినది. 2017 ఆగస్టు 17న అట్టి కలయికనుండి గురుత్వ తరంగములును, గామా కిరణములును రెండు సెకండ్ల లోపు తేడాతో అందుటతో ఆ ఊహ రుజువైనది. ఆ విస్ఫోటపు ఎక్స్-కిరణములు మాత్రము 9 దినముల తరువాత గాని కనబడలేదు. ధార సరిగా మనవైపు లేకపోవుటయే దీనికి కారణము.

శ్రీహరికోటనుండి

ఈ పరిశోధనలో ఆంధ్రతీరమునకును భాగము కలదు. 1994 మే 4న శ్రీహరికోటనుండి ఎగిరిన స్రాస్-సి2 అను చిన్న ఉపగ్రహములో గామా విస్ఫోటములను గుర్తించు పరికరము ఉండెను. 2015 సెప్టెంబరు 28న అక్కడనుండియే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఆస్ట్రోశాట్ ఉపగ్రహమును 650 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో ప్రవేశపెట్టినది. అందలి కాడ్మియం జింక్ టెల్లురైడు గ్రాహకములు జాలీ నీడ పద్ధతితోనే పనిచేయును. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన కిరణములు ఉపగ్రహపు గోడలను చొచ్చుకొని రాగలవు. కావున అవి ఏ ప్రక్కనుండి వచ్చినను గ్రాహకములకు తెలియును. పరికరము పని ప్రారంభించిన దినముననే, 2015 అక్టోబరు 6న, ఒక విస్ఫోటమును పట్టినది. 2022 నాటికి ఈ లెక్క 500కు చేరినది.

ఈ పరికరము ఒక పొరపాటును తప్పించిన సందర్భము చెప్పుకొనదగినది. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలముల కలయికవలన పుట్టిన గురుత్వ తరంగములు అమెరికాలోని లైగో కేంద్రములకు అందినవి. తరంగములు వచ్చినట్లు తలచిన ఆకాశభాగమున, వేగముగా ఆరిపోవుచున్న ఒక వెలుగును హవాయిలోని అట్లాస్ దూరదర్శిని కనుగొన్నది. కృష్ణబిలముల కలయికలో వెలుగు పుట్టునని అంతవరకు ఎవ్వరును చూపలేదు. ఆ వెలుగు నిజముగా దానిదేయైనచో అది గొప్ప వార్త.

కాని తరంగములు వచ్చిన క్షణమున ఆస్ట్రోశాట్ ఆ ఆకాశభాగములో దాదాపు సగమును చూచుచుండెను. దానికి ఏ ఎక్స్-కిరణముల మెరుపును కనబడలేదు. పైగా దాదాపు ఒక దినము తరువాత, జనవరి 5న, వేరొక గామా విస్ఫోటము దానికి దొరకినది. స్విఫ్ట్ చూచిన ఎక్స్-కిరణములను, నేలమీది దూరదర్శినులు చూచిన కాంతిని, రేడియో తరంగములను కలిపి పరిశీలించిరి. వెలుగు ఆరిన తీరును వెనుకకు నడిపి చూడగా అది మొదలైనది జనవరి 4న కాదు, 5న. అనగా అది కృష్ణబిలముల వెలుగు కాదు, ఆ గామా విస్ఫోటపు అనుదీప్తి. రెండును ఆకాశమున ఒకేవైపు కనబడుట కాకతాళీయము. వెలుగు ఎంత ఉన్నదో చూచి ఊరకున్నచో ఒక అబద్ధము శాస్త్రగ్రంథములలో చేరియుండెడిది. ఎప్పుడు మొదలై ఎట్లు ఆరినదో చూచుటచే నిజము తేలినది.

ఈ విషయములను తరగతిలో బోధించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. మూడు ఊళ్ళ పటమును గీసి, ఈదురుగాలి తాకిన సమయములను ఇచ్చి దిక్కును కనుగొనుమని విద్యార్థులను అడుగవచ్చును. దళసరి అట్టలో క్రమము లేకుండ రంధ్రములు చేసి, ఎండలో పట్టి, క్రింద పరచిన గళ్ళ కాగితముపై వెలుగుచుక్కలు గంటగంటకు ఎటు జరిగినవో గుర్తింపవచ్చును. 8 గంటలు, 80 గంటలు, 800 గంటల లెక్కను లాగరిథం కాగితముపై గీసినచో తిన్నని రేఖ వచ్చును. ఫిబ్రవరి 28న జరుపు ప్రదర్శనమునకు ఇంతకంటె తగిన అంశములు అరుదు.